బీయే పడటం

మా కాలవ వెంబడి ఊళ్ళలో ఒక మాట ఉంది. మంచం నులక విప్పరానంతగా మెలికలు పడితే ‘బీయే పడింది’ అంటారు. పడవ లాగే తాళ్ళు రెండు ఒకదాన్నొకటి చుట్టుకుంటే పడవవాళ్ళు ‘బీయే, బీయే’ అని కేకలేస్తారు. మనుషుల వ్యవహారాలకీ వాడతారు. రెండు మాటల్లో తేలిపోవలసిన పెళ్ళి సంబంధం అక్కరలేని షరతులతో ముడిపడిపోతే ‘సంబంధం బీయే పడిందండి’ అంటారు. ఉత్త చిక్కుకి ఈ మాట వాడరు. దారం దానంతట అది చిక్కుపడితే అది చిక్కే. ఎవడో పనిగట్టుకుని వేసిన చిక్కు అయితేనే బీయే. ఆ తేడా నాకు బాగా తెలుసు.

రాజమహేంద్రవరంలో ఒక మిషను బడిలో నేను పై తరగతులకు ఇంగ్లీషు చెబుతాను. మా బడి తెలుగు పండితులు భాస్కరం గారు. పల్లెమాటలంటే ఆయనకు ప్రాణం. ఎక్కడ కొత్త మాట విన్నా ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటారు. మొన్న జనవరిలో, వెయ్యిన్ని ఎనిమిదివందల తొంభై ఎనిమిదిలో, మధ్యాహ్నం బెల్లు కొట్టాక ఆయన నా గది గుమ్మం దగ్గరికి వచ్చారు. లోపలికి రారు. గుమ్మం దగ్గరే కుర్చీ వేయించుకుంటారు. మంచినీళ్ళు కావాలా అని నేను అడగను, ఆయనా అడగరు. అది తప్పిస్తే మా ఇద్దరికీ మంచి స్నేహం.

“మాస్టారూ, మీది కాలవ దిగువ కదండీ?”

“అవునండి.”

“అయితే మీరే చెప్పాలి. మొన్న మా చెల్లెలి ఊరికి పడవలో వెళుతుంటే తాళ్ళు చిక్కుపడ్డాయి. పడవవాడు ‘బీయే పడింది’ అన్నాడు. ఏంట్రా ఆ మాట అంటే, తాతలనాటి మాటండి అన్నాడు. రెండు రోజులు అన్నం సహించలేదండీ నాకు. చివరికి దొరికింది. వ్యూహము!”

“వ్యూహమాండీ?”

“వ్యూహము బ్యూహము అయింది. బ్యూహము పామరుల నోట నలిగి బీయే అయింది. పద్మవ్యూహంలో పడ్డవాడు బయటికి రాలేడు కదండీ! ‘పడింది’ అనడంలోనే ఉంది కిటుకంతా. వచ్చే శనివారం మన సాహిత్య సభలో దీని మీద వ్యాసం చదువుతున్నాను. మీ ఊళ్ళో ముసలివాళ్ళెవరైనా బలపరుస్తారేమో కనుక్కుని చెబుదురూ.”

తాతలనాటి మాట! దాని వయసు ఏడేళ్ళు. దానికి తాతంటూ ఉంటే నేనే.

“కనుక్కుంటానండి” అన్నాను. ఆ మధ్యాహ్నం పిల్లలకి ఏం పాఠం చెప్పానో నాకే గుర్తులేదు.

మా నాన్న చిట్టియ్య ఊళ్ళో ఒక కామందు దగ్గర పాలేరు. నా పదో ఏట వాంతిభేదితో పోయాడు. మిషను వాళ్ళు నన్ను తీసుకెళ్ళి హాస్టల్లో వేశారు. అమ్మ జ్ఞానమ్మ ఊడుపులకీ కోతలకీ వెళ్ళి తన పొట్ట తను పోసుకుంది. తొంభై ఒకటిలో నేను బి.ఎ. ప్యాసయ్యాను. ఊరికి ఎడంగా ఉన్న మా పేటలో నలభై రెండు గడపలు. ఆ నలభై రెండు గడపల్లోనూ నాకు ముందు సంతకం చేయడం వచ్చినవాళ్ళు ఇద్దరు. బి.ఎ. అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. అయినా నేను పడవ దిగేసరికి అందరూ గట్టు మీద నిలబడి ఉన్నారు.

“బీయే బాబు వచ్చాడర్రా!” అని కేకేశాడు మా సత్తిరాజు బాబాయి. నాన్నకి తమ్ముడి వరస. నులక పేనడంలో, ఎకసెక్కాలాడడంలో ఆయనకు సాటి లేరు. “ఒరే అబ్బాయ్, బీయే అంటే తాసీల్దారు కంటే పెద్దా, చిన్నా?”

“అది ఉద్యోగం కాదు బాబాయ్, చదువు.”

“ఓసోస్, చదువేనా! నేనింకా జీతం అనుకున్నాను.”

ఆ రాత్రే పేట పెద్దలు వచ్చి నన్ను ఒక పని అడిగారు. జన్మలో మొదటిసారి పేట నన్ను అడిగిన పని అది.

మా పేట కాలవ గట్టు కిందే ఉంటుంది. తాగే నీళ్ళు కాలవవే. ఊరివాళ్ళకు రాతి మెట్ల రేవు ఉంది. అక్కడ మావాళ్ళు కడవ ముంచకూడదు. కాబట్టి పేటకు ఎదురుగా, మెట్లు లేని చోట, ఆడవాళ్ళు గట్టు మీంచి జారుకుంటూ దిగి నీళ్ళు తెచ్చుకునేవారు. వానాకాలం ఆ మట్టి సబ్బులా ఉంటుంది. కిందటేడే బాబాయి భార్య సంపూర్ణమ్మ పిన్ని నిండుకడవతో జారి కాలు విరగ్గొట్టుకుంది. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు మెట్లు కట్టించమని ఇంజనీరు దొరకు అర్జీ రాయాలి. అదీ పని.

“ఏం రాయమంటారు?” అని అడిగాను.

మగవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పొయ్యి దగ్గర కూచున్న అమ్మ చెప్పింది: “ఏముందిరా. దొరగారూ, మా పేటోళ్ళం నీళ్ళు ముంచుకోడానికి రేవు లేదండి, గట్టు జారిపోతంది, నాలుగు మెట్లు కట్టించండి. అని రాయి.”

నేను నవ్వాను. నవ్వానని ఇప్పుడు రాయడానికి చెయ్యి వెనక్కి లాగుతోంది, కానీ నవ్విన మాట నిజం. “అలా రాస్తే చెత్తబుట్టలో పడేస్తారమ్మా. అది పేట మాట. దొరలకి ఒక పద్ధతి ఉంటుంది” అన్నాను.

పదిరోజులు కూచుని రాశాను. ఇంగ్లీషులో పదకొండు కాగితాలు. మొదటి వాక్యమే పద్దెనిమిది పంక్తులు. మొదటి పేరాలో ప్రభుత్వం వారి దయ. రెండో పేరాలో ధవళేశ్వరం ఆనకట్ట మహిమ. మూడో పేరాలో నైలు నది. తర్వాత పేటవాళ్ళ కష్టాలు, వాటి మీద ఒక తర్కం, ఆ తర్కానికి రాగల ఆక్షేపణ, ఆ ఆక్షేపణకు సమాధానం. తొమ్మిదో పేరా నడిమధ్యలో, ఒక వాక్యానికి తోకగా, రేవు ప్రస్తావన. ఇక చివరి రెండు పేరాల్లో నా శక్తంతా చూపించాను. నలభై రెండు గడపల ఆడవాళ్ళు రోజూ తొక్కడం వల్ల గట్టు ఎలా కోతపడుతోందో, గట్టు తెగితే దిగువన ఎన్ని వేల ఎకరాలు మునుగుతాయో, సర్కారుకి ఎంత శిస్తు నష్టమో కళ్ళకు కట్టినట్టు రాశాను. దొర భయపడి వెంటనే మెట్లు కట్టిస్తాడని నా ఊహ.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన పాకలో నిలబడి ఆ పదకొండు కాగితాలూ ఇంగ్లీషులోనే చదివాను. ఒక్కరికి ఒక్క ముక్క తెలియదు. ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని విన్నారు. నేను ఆపగానే ఎవరో ‘ఆమెన్’ అన్నారు. అందరూ ‘ఆమెన్’ అన్నారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి కింద సిలువ గుర్తు పెట్టారు. అమ్మ తన గుర్తు పెడుతూ, “రేవు అన్న మాట ఎక్కడుందిరా ఇందులో?” అని మెల్లిగా అడిగింది. వేలితో తడమాలనుకుందేమో.

“ఉందిలేమ్మా, తొమ్మిదో పేరాలో.”

“మొదట్లో లేదా?”

“మొదట్లో అలా రాయకూడదమ్మా!” అని విసుక్కున్నాను.

అర్జీ ఇవ్వడానికి, కాలవలో పడవలు దాటించే లాకు దగ్గరున్న దొర బంగళాకు వెళ్ళాం. నేను, అమ్మ, సత్తిరాజు బాబాయి, ఇంకో నలుగురు. దొర వరండాలో కూచుని ఉన్నాడు. వాలకం చూస్తే మంచివాడే. పదకొండు కాగితాలూ అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. తర్వాత మమ్మల్నందరినీ దాటి అమ్మవైపు చూసి, వచ్చీరాని తెలుగులో, “ఏం కావాలి అమ్మా?” అని అడిగాడు.

అమ్మ ముసుగు సర్దుకుని ఒక అడుగు ముందుకు వేసింది. “దొరగారూ, మా పేటోళ్ళం...” అంది.

నేను అమ్మ మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. “అమ్మా, నువ్వు మాట్లాడకు” అన్నాను. దొరవైపు తిరిగి, అంతా అర్జీలో సవిస్తరంగా ఉందని ఇంగ్లీషులో మనవి చేశాను. దొర తలూపి కాగితాలు లోపలికి పంపించాడు. అమ్మ అడుగు వెనక్కి వేసింది. ఎందుకలా చేశానంటే, ఆ దొర ముందర అమ్మ మాట వింటుంటే నాకు సిగ్గేసింది. ఇంకే కారణమూ లేదు.

మే నెలలో కాలవ ఎండి ఉండగా జవాబు వచ్చింది. ఓవర్సీరు రామచంద్రమూర్తి గారు, కాలవ గట్టు కాపలా చూసే లస్కరు అమ్మిరాజు, వాళ్ళ వెనక రెండు బళ్ళు. బళ్ళలో రాళ్ళుంటాయనుకుని పేటంతా గట్టెక్కింది. తుమ్మముళ్ళున్నాయి.

ఓవర్సీరు గారు కాగితం విప్పి నాతో అన్నారు: “ఏమండీ, దొరగారు మీకు థ్యాంక్స్ చెప్పమన్నారండి. గట్టు ఇక్కడ తొక్కుడికి కోతపడుతోందని మీరే రాశారట కదా. మీ అంతట మీరు ఒప్పుకోవడం చాలా మెచ్చుకున్నారు. ఇకమీదట ఇక్కడ ఎవరూ దిగకుండా కంచె వెయ్యమని ఆర్డరు.”

“కాదండీ, మెట్లు... తొమ్మిదో పేరాలో...”

“తొమ్మిదో పేరా దాకా నేనూ వెళ్ళలేదండీ. చివరి పేరాలు రెండూ మాత్రం ఎర్రసిరాతో గీత గీసి పంపించారు.”

అమ్మిరాజు కంచె వేశాడు. “నాదేముందండీ, మీరు రాసిందే నేను కడుతున్నాను” అన్నాడు పాపం, ముల్లు గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుని.

ఆ రోజు నుంచీ మా పేట ఆడవాళ్ళు డొంకదారిన చుట్టుతిరిగి లాకు రేవుకు వెళ్ళి నీళ్ళు తెచ్చుకోవాలి. పోను మైలున్నర, రాను మైలున్నర.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బావుండేది. వారం తర్వాత మా అరుగు ముందు సత్తిరాజు బాబాయి మంచం అల్లుతున్నాడు. నులక ఎక్కడో మెలికపడి, లాగినకొద్దీ బిగుసుకుపోయింది. ఆయన చాలాసేపు దానితో కుస్తీపట్టి చివరికి చేతులెత్తేశాడు.

“లాభం లేదర్రా. ఇది బీయే పడిపోయింది” అన్నాడు.

అంతా గొల్లుమన్నారు. సంపూర్ణమ్మ పిన్ని కూడా కుంటికాలు చాపుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వకపోతే బావుండదని. బాబాయికి నా మీద కోపం లేదు. ఆయనకి మాట దొరికింది, అంతే. ఆ మాట మంచం దగ్గర మొదలై, పొలం గట్ల మీద పడి, లాకు దగ్గర పడవెక్కి కాలవ పొడుగునా వెళ్ళిపోయింది. నా పేరు మాత్రం మా పేటలోనే ఉండిపోయింది.

నేను రాజమహేంద్రవరంలో ఉద్యోగంలో చేరాను. నెలకోసారి పడవలో ఇంటికి వెళ్ళేవాణ్ణి. లాకు దాటాక గట్టు మీద కడవలతో ఆడవాళ్ళు వరసగా నడుస్తూ కనబడేవారు. వాళ్ళలో అమ్మ ఉండేది. అమ్మ నడక నేను ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను. గుర్తుపట్టగానే లేచి పడవ గూడు లోపలికి వెళ్ళి కూచునేవాణ్ణి. పడవ అమ్మను దాటిపోయేది. ఏడేళ్ళలో ఎన్నిసార్లు అలా చేశానో! మళ్ళీ ఒక అర్జీ రాస్తే సరిపోయేది. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. రెండోది రాస్తే మొదటిది తప్పని నా చేత్తో ఒప్పుకున్నట్టే కదా.

ఇంకో మాట చెప్పాలి. పేటంతా ‘బీయే పడింది’ అనేది. అమ్మ ఒక్కత్తీ అనేది కాదు. తల దువ్వుకుంటున్నా, నూలు చుడుతున్నా, ‘చిక్కు పడింది’ అనేది. నేను ఇంట్లో లేనప్పుడు కూడా అనదని పిన్ని చెప్పింది. బాబాయి వేళాకోళం కంటే అది నాకు ఎక్కువ బాధగా ఉండేది.

శుక్రవారం మధ్యాహ్నం భాస్కరం గారు మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చారు. “కనుక్కున్నారాండీ? రేపే సభ.”

“వ్యూహం కాదండీ” అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. “మరి?”

“బి.ఎ. అండీ. యూనివర్సిటీ వాళ్ళిచ్చే బి.ఎ. ఆ బి.ఎ. నేనే.”

మొత్తం చెప్పాను. పదకొండు కాగితాలు, ఆమెన్, తుమ్మముళ్ళు, నేను పడవ గూట్లో దాక్కోవడం, అన్నీ. ఆయన నవ్వలేదు. పుస్తకం తీసి, ‘వ్యూహము’ మీద అడ్డగీత గీసి, కాసేపు ఆ గీతనే చూస్తూ కూచున్నారు. పాపం, ఆయన బాధ ఆయనది.

“మీ పేరు వెయ్యమంటారా?” అని అడిగారు.

“వద్దండి” అన్నాను. అప్పటికి అంత ధైర్యమే ఉంది. ఇప్పుడు నా చేత్తో నేనే రాస్తున్నాను: నా పేరు యెహెజ్కేలు.

వెళ్ళబోతూ ఆయన ఆగారు. “ఆ కంచె ఇంకా ఉందాండీ?”

“ఉందండి.”

“ఏడేళ్ళు!” అన్నారు. శనివారం నేను సభకు వెళ్ళలేదు. ఇంటికి వెళ్ళాను. ఆసారి పడవలో గూటి బయటే కూచున్నాను. అమ్మ గట్టు మీద కనబడగానే పడవవాణ్ణి ఆపమని దిగి, కడవ నేను ఎత్తుకున్నాను. సగం దూరానికే మెడ పట్టేసింది.

ఇంటికి వచ్చాక కాగితం, కలం తీసి అమ్మ ముందు కూచున్నాను. “అమ్మా, ఆనాడు దొరతో ఏదో చెప్పబోయావు. అది చెప్పు. రాసుకుంటాను.”

అమ్మ బెదిరిపోయింది. “నాకేం తెల్సురా. నువ్వే బాగా రాస్తావు.”

“నేను బాగా రాయలేదమ్మా.”

“నా మాట పేట మాట కదరా. చెత్తబుట్టలో పడేస్తారన్నావు కదా.”

ఏడేళ్ళ కిందట నేనన్న మాటను అమ్మ అచ్చంగా అలాగే దాచుకుంది, కోపంతో కాదు, నిజమనే నమ్మి. అమ్మ కాళ్ళు పట్టుకున్నాను. ఆ పాదాలు ఎలా పగిలి ఉన్నాయో చూశాను. ఏడేళ్ళ మైళ్ళు లెక్కవేయబోయి, మధ్యలో మానేశాను.

“లేరా, ఏంటిది, ఎవరన్నా చూస్తారు” అంది. కాళ్ళు లాక్కుని, బంగళా వరండాలో నిలబడ్డట్టు ముసుగు సర్దుకుంది. “దొరగారూ, మా పేటోళ్ళం నీళ్ళు ముంచుకోడానికి రేవు లేదండి. గట్టు జారిపోతంది. నాలుగు మెట్లు కట్టించండి.”

ఒక్క అక్షరం మార్చకుండా రాశాను. ‘జారిపోతంది’ని ‘జారిపోతున్నది’ చెయ్యాలని చెయ్యి జిలపెట్టింది. చెయ్యలేదు. కింద, ‘కంచె వేయించిన అర్జీ నేను రాసిందే, అది నా తప్పు’ అని ఒక్క ముక్క చేర్చి సంతకం పెట్టాను. పేరు పక్కన బి.ఎ. వేయలేదు.

ఆ కాగితం పట్టుకుని లాకు బంగళాకు వెళ్ళాను; ఓవర్సీరు రామచంద్రమూర్తి గారు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు. జుట్టు నెరిసింది. నిలబడే చదివేశారు.

“ఇదేనాండీ మీకు కావలసింది? మెట్లు కడితే గట్టు కూడా నిలుస్తుంది కదా. ఆనాడే ఈ ముక్క రాసి ఉంటే ఆ వేసవిలోనే అయిపోయేదండీ!” అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు.

మే నెలలో రాళ్ళు వచ్చాయి. కంచె పీకి గట్టు పక్కన కుప్ప వేశారు. నాలుగు అడిగితే అయిదు మెట్లు వచ్చాయి. జూన్‌లో నీళ్ళు వదిలిన రోజున నేను సెలవు పెట్టి వెళ్ళాను. సత్తిరాజు బాబాయి మొదటి మెట్టు మీద కూచుని, “ఒరే, దీనికి ఎన్ని కాగితాలు రాశావేంటి?” అని అడిగాడు.

“రెండు ముక్కలు, బాబాయ్. అమ్మ చెప్పింది.”

“అదీ! అమ్మ బీయే ప్యాసయ్యిందన్నమాట” అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

అమ్మ దిగి, కడవ ముంచి, చంకనెత్తుకుని పైకి వచ్చింది. గట్టు మలుపులో పీకేసిన ముళ్ళకుప్పకు కొంగు తగులుకుంది. లాగింది. రాలేదు. ఇంకోవైపు తిరిగింది. ఇంకో ముల్లు పట్టుకుంది. రెండో చెయ్యి కడవ మీద ఉంది.

“ఒరే అబ్బాయ్” అని పిలిచింది. “కొంగు బీయే పడిందిరా. చిరగకుండా తియ్యి.”

ఆ మాట అమ్మ నోట వినడం అదే మొదటిసారి. నాలిక కరుచుకోలేదు. నా మొహం కేసి చూడనూ లేదు. మామూలు మాటలా అంది. నేను ముళ్ళకుప్ప దగ్గర మోకాళ్ళ మీద కూచున్నాను. ఆరు ముళ్ళు పట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే తీశాను. అన్నీ వదిలేదాకా అమ్మ కడవతో అలాగే నిలబడి ఉంది.